ఎవరు ఇంట్లో మిగిలిపోయారు? సిరొంచ తాలూకా హైస్కూల్లో ఒక ఏడాది విహారయాత్రలు, ఒక కేస్ స్టడీ

బడి నుంచి పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళి వచ్చాక మేము ముందుగా వేసుకునే ప్రశ్న ఒకటే. ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు? ఏం చూశారు, ఏం నేర్చుకున్నారు అన్నవి దాని తర్వాతే. ఈ ప్రశ్న పట్టుకుని 2023–24 విద్యా సంవత్సరంలో మా బడి కార్యక్రమాలన్నీ మార్చుకున్నాం. ఎలా మార్చాం, ఏది పనిచేసింది, ఏది ఇంకా తేలలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. చిన్న ఊళ్ళలో సహల్ (బడి విహారయాత్ర), స్నేహసమ్మేళనం (బడి వార్షికోత్సవం) బాధ్యతలు మోసే టీచర్లకు ఇందులో పనికొచ్చేది ఏదో ఒకటి దొరుకుతుందని నా ఆశ.

మా బడి, మా చోటు

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొస, సిరొంచ తాలూకా. జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల పైనే ఉంటుంది. గోదావరి వంతెన దాటితే తెలంగాణ, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ఇంగ్లీషువాళ్ళ కాలంలో సిరొంచ అప్పర్ గోదావరి అనే జిల్లాకు కేంద్రంగా ఉండేది. ఇప్పుడు మాత్రం నాగపూర్‌లో ఎవరికైనా మా ఊరి పేరు చెబితే, అది ఎక్కడుందో వివరించాల్సి వస్తుంది. జిల్లా మొత్తానికి ఒకటే రైల్వే స్టేషన్, వడ్సా. అది జిల్లాకు ఉత్తరపు కొసన ఉంది. పదో తరగతికి వచ్చినా రైలు చూడని పిల్లలు మా దగ్గర ఉన్నారు.

బడి మరాఠీ మీడియం. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. అడవి పక్క గూడేల నుంచి వచ్చేవాళ్ళది మాడియా అనే గిరిజన భాష. పరీక్ష మరాఠీలో రాస్తారు, గ్రౌండ్‌లో తెలుగులో అరుచుకుంటారు, అమ్మమ్మ ఊరు మంచిర్యాల వైపో చెన్నూరు వైపో ఉంటుంది. నేను సైన్సు, భూగోళం చెబుతాను. దాంతోపాటు సహల్ ఇన్‌చార్జి కూడా నేనే.

ఒకే ఒక పెద్ద టూరు

అంతకుముందు ప్రతి ఏడాదీ డిసెంబర్‌లో ఒక పెద్ద టూరు ఉండేది. నాగపూర్, లేదంటే అజంతా–ఎల్లోరా. రెండు మూడు రాత్రులు బయటే. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో సగం కన్నా తక్కువమంది పేర్లు ఇచ్చేవాళ్ళు. మిగిలినవాళ్ళకు ఆ రోజుల్లో పేరుకే బడి. ఇద్దరు టీచర్లు, ఖాళీ బెంచీలు, మధ్యాహ్నం ఖిచిడీ తిని ఇంటికి. టూరు వెళ్ళొచ్చినవాళ్ళు నెల రోజుల దాకా దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. మిగిలినవాళ్ళు ఆ మాటల్లోకి దూరలేక పక్కకు జరిగేవాళ్ళు. ఏటా బడి చేసే అతి పెద్ద కార్యక్రమం తరగతిని రెండుగా చీల్చి వదిలేసేది.

రానివాళ్ళంతా డబ్బు లేకే రాలేదని స్టాఫ్ రూమ్‌లో అందరి అభిప్రాయం. 2023లో బడి తెరిచిన కొత్తలో మా హెడ్‌సార్ ఒక మాట అన్నారు: "అనుకోవడం ఎందుకు, అడుగుదాం." విదర్భలో ఎండల వల్ల బడులు జూన్ చివర్లోగానీ తెరవరు. జూలైలో వానలకు పొలం పనులు ఆగిన పూటల్లో ఇళ్ళకు వెళ్ళాం. తల్లులతో మా మేడమ్‌లు మాట్లాడారు. పిల్లల్ని విడిగా, పేరు రాయకుండా చీటీ మీద రాయమన్నాం: "పోయిన ఏడాది నేను టూరుకు ఎందుకు రాలేదంటే..."

ఆ చీటీలే ఈ కేసుకు మూలం. డబ్బు అని రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. అయితే డబ్బు ఒక్కటే రాసినవాళ్ళు తక్కువ. ఆడపిల్లల చీటీల్లో రాత్రి బయట ఉండటం ఎక్కువగా కనిపించింది. "రాత్రి ఉండుడు అంటే మా బాపు ఒప్పుకోడు" అని ఒకరు. దారిలో బాత్రూమ్ ఎక్కడుంటుందో తెలియదు, నెలసరి వస్తే ఏం చేయాలి అని ఇంకొకరు. ఈ మాట మగ టీచర్ల చెవిదాకా ఎప్పుడూ రాలేదు. డిసెంబర్ అంటే పత్తి ఏరే కాలం. పెద్దవాళ్ళు చేనుకు పోతే చిన్న తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఉండేది ఏడో తరగతి అక్క. కొంతమంది పిల్లలు స్వయంగా ఏరడానికి పోతారు. బస్సులో వాంతులవుతాయని, అందరి ముందూ సిగ్గని రాసినవాళ్ళు మేము అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. ఒక మాడియా అబ్బాయి "అక్కడ నాతో ఎవరు కూర్చుంటారు" అని ఒక్క వాక్యం రాశాడు.

డబ్బు కష్టానికి ప్రభుత్వ దారి ఒకటి ముందే ఉంది. బడి సహల్‌కు ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ రవాణా సంస్థ) బస్సు తీసుకుంటే ఛార్జీలో 50 శాతం రాయితీ ఇస్తారు. మిగిలినవి డబ్బుతో తీరే కారణాలు కావు. తేదీ, దూరం, రాత్రి, పక్క సీటు, ఇవి మేము మార్చగలిగినవి. మార్చాం.

ఆ ఏడాదికి పెట్టుకున్న నియమాలు

పెద్ద టూరు ఆపేశాం. దాని బదులు ఏడాది పొడవునా దగ్గరి చోట్లకు, తెల్లవారి బయల్దేరి చీకటి పడేలోగా ఇంటికి చేరేలా ప్రయాణాలు. తరగతి మొత్తం వస్తేనే బస్సు కదులుతుంది. నలుగురైదుగురు రాలేకపోతే ముందు కారణం కనుక్కుని, తీర్చగలిగితే తీర్చి, అప్పుడే తేదీ ఖాయం చేస్తాం. ఫీజు అని ఒక మొత్తం చెప్పం. కవరు ఇస్తాం, ఇంటివాళ్ళు ఇవ్వగలిగింది పెట్టి అంటించి పంపుతారు, ఖాళీ కవరైనా సరే. వాటిని ఒక మేడమ్ మాత్రమే తెరుస్తారు. పిల్లలకు ఎవరిది ఎంతో తెలియదు.

తేదీల విషయంలో మాకు అక్కరకొచ్చింది అంగడి రోజు. వారం కూలి చేతికొచ్చి బజారు చేసుకునే రోజున పత్తి పని ఉండదు, ఇంట్లో పెద్దవాళ్ళుంటారు, తమ్ముణ్ణి చూసుకునే పని అక్కకు తప్పుతుంది. ఆదివారం కన్నా అంగడి రోజే మంచిదని మాకు చెప్పింది తల్లులే.

బస్సు వెళ్ళే దారిలో ముందే ఒక మేడమ్, ఒక సార్ బండి మీద వెళ్ళి వస్తారు. ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ శుభ్రమైన బాత్రూమ్ ఉంది, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి అన్నది రాసుకుని, బయల్దేరే ముందు రోజు ఆడపిల్లలకు విడిగా చెబుతారు. సంచిలో ప్యాడ్లు ఉంటాయని కూడా చెబుతారు. వాంతులయ్యేవాళ్ళకు ముందు సీట్లు, పొద్దున తేలిక తిండి, మధ్యలో ఆగడాలు. సీట్లు మేమే వేస్తాం, ప్రతి ప్రయాణానికీ మార్చి. ఇవన్నీ చిన్న సంగతుల్లా కనిపించవచ్చు. ఒక ఆడపిల్ల బస్సు ఎక్కుతుందా లేదా అన్నది మాత్రం వీటి మీదే ఆధారపడి ఉంది. టూరులో ఏం చూపించాలి అన్న చర్చకన్నా ఈ చర్చకే మేము ఎక్కువ గంటలు పెట్టాం, ఇకమీదట కూడా పెడతాం.

బడిలోనే జరిగినవి

2022 జూలై వరదలు ఇక్కడెవరూ మర్చిపోలేదు. అందుకే వానాకాలంలో బస్సు ప్రయాణం పెట్టుకోలేదు. బడిలో జరిగే కార్యక్రమాలకూ అదే ప్రశ్న వేయడం మొదలుపెట్టాం.

ఆగస్టు 23న చంద్రయాన్–3 దిగింది సాయంత్రం ఆరు దాటాక. ప్రొజెక్టర్ పెట్టి చూపిద్దామని ఉత్సాహపడ్డాం. ఆ వేళకు గూడేల పిల్లల బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఊళ్ళో పిల్లలు లైవ్ చూశారు. మర్నాడు ప్రార్థన తర్వాత మొత్తం బడికి రికార్డింగ్ వేసి చూపించాం. ముందు రోజు చూసినవాళ్ళు వ్యాఖ్యాతలయ్యారు, తెలుగులో, మరాఠీలో ఎవరికి వచ్చింది వాళ్ళు. ఫలితం ముందే తెలిసినా, దిగే క్షణంలో పిల్లలు ఊపిరి బిగబట్టే చూశారు.

సెప్టెంబర్‌లో ఎడ్ల పండగ పోళా, మర్నాడు తాన్హా పోళా. తాన్హా పోళా విదర్భ పిల్లల పండగ. చెక్క ఎడ్లను అలంకరించి ఊరేగిస్తారు. అంగట్లో చెక్క ఎద్దు కొనగలిగేది కొందరే కాబట్టి, బడికి తేవాల్సింది మట్టి ఎద్దేనని ముందే చెప్పాం. ప్రాణహిత ఒడ్డు బంకమట్టి అందరికీ ఉచితం. నెల తిరిగాక బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి పూల కోసం పిల్లలు జట్లుగా పోయారు. మరాఠీ మేడమ్‌లు కూడా ఆడారు. వీటి గురించి ఇంతకన్నా చెప్పేది లేదు, మంచి రోజులు.

వడధం: రాయిగా మారిన చెట్లు

ఆ ఏడాదికి గుండెకాయ ఈ ప్రయాణమే. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

సిరొంచకు దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో వడధం దగ్గర శిలాజాల పార్కు ఉంది. రాయిగా మారిన చెట్ల దుంగలు అక్కడ నేల మీదే పడి ఉన్నాయి. ప్రాణహిత–గోదావరి లోయ రాళ్ళు ప్రపంచంలో శిలాజాలు చదివేవాళ్ళకు బాగా తెలిసినవి. కోట గ్రామం పేరు మీద ఇక్కడి రాతిపొరలకు 'కోట ఫార్మేషన్' అనే పేరే ఉంది. ఆ సున్నపురాళ్ళలో చేపల శిలాజాలు 19వ శతాబ్దం మధ్యలోనే దొరికాయి. 1960ల మొదట్లో మా తాలూకాలోని పోచంపల్లి దగ్గర పెద్ద రాక్షసబల్లి ఎముకలు బయటపడ్డాయి. కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు వాటిని తవ్వి తీశారు. ఒకటి కాదు, కనీసం ఆరు జంతువులవి, దాదాపు 300 ఎముకలు. 1975లో దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. తవ్వకాల కాలం రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి కాలం, అందుకే ఆయన పేరు. దాదాపు 18 కోట్ల ఏళ్ళ కిందటి జంతువు. ఈ సంగతి మా తొమ్మిదో తరగతిలో ఒక్కరికీ తెలియదు. పుస్తకంలో డైనోసార్ బొమ్మ ఉంది. అది తమ తాలూకా జంతువే కావచ్చని ఎవరూ అనుకోలేదు.

వెళ్ళడానికి వారం ముందే బడిలో పని మొదలైంది. ఆ జంతువు పొడవు సుమారు 14 మీటర్లు. తాడు కొలిచి గ్రౌండ్‌లో పరిచాం. తల దగ్గర ఒకరు, తోక దగ్గర ఒకరు నిలబడి మాట్లాడుకోవాలంటే అరవాల్సి వచ్చింది. తొడ ఎముక 1.7 మీటర్లు. వరండా గోడ మీద సుద్దతో ఆ ఎత్తు గీత గీశాం. బడిలో అందరికన్నా పొడవైన పదో తరగతి అబ్బాయి వచ్చి ఆనుకుని నిలబడితే గీత అతని తల పైనే ఉంది. ఆ గీత ఏడాదంతా చెరిపేయలేదు. వచ్చేపోయే ప్రతివాళ్ళూ దాని పక్కన నిలబడి చూసుకునేవాళ్ళు.

అక్టోబర్ మొదట్లో, వానలు తగ్గాక బయల్దేరాం. దగ్గరే కాబట్టి బస్సులో అరగంట కాసేపు ఎక్కువో తక్కువో. ముందు సీటు అవసరమన్న పిల్లలు దిగేసరికి హాయిగా ఉన్నారు. పార్కులో మొదటి పని చూడటం కాదు, తాకడం. కళ్ళు మూసుకుని దుంగ మీద చెయ్యి పెట్టమన్నాం. బెరడు గీతలు వేళ్ళకు తగులుతాయి, కానీ చల్లగా, బరువుగా రాయి. ఎలా జరిగిందో అక్కడే నిలబడి చెప్పాను. చెట్టు పడిపోయి ఒండ్రు కింద కప్పబడుతుంది, గాలి తగలక కుళ్ళడం ఆగుతుంది, నీటిలో కరిగి ఉన్న సిలికా కణం కణంలోకి చేరి గట్టిపడుతుంది, లక్షల ఏళ్ళకు కర్ర ఆకారంలో రాయి మిగులుతుంది. ఈ వాక్యం తరగతి గదిలో నేను చాలాసార్లు చెప్పాను. చేతి కింద దుంగ ఉన్నప్పుడు చెప్పడం వేరు. పిల్లల నుంచి వెంటనే ప్రశ్న వచ్చింది: "మరి మా పొలంలో పాతేసిన మొద్దు ఎందుకు రాయి కాలేదు సార్?" అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అది చెదలకూ గాలికీ అందింది, దానికి ఆ కాలమూ దొరకలేదు.

ఒకే ఒక నిబంధన గట్టిగా పెట్టాం. గులకరాయి కూడా జేబులో వేసుకోకూడదు. శిలాజం దొరికిన చోటు తెలియకపోతే దాని విలువ సగం పోతుందని చెప్పాం. మేకలు కాసే ఇంటి నుంచి వచ్చే ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఇలాంటి రాళ్ళు తాను మేకలు తోలే వాగు పక్కన కూడా చూశానన్నాడు. తరగతిలో ఎప్పుడూ నోరు తెరవనివాడు. వాడు చెప్పిన చోటును మ్యాప్ మీద గుర్తు పెట్టించి, అటవీ సిబ్బందికి చెప్పాం. వాళ్ళు వాడి మాట శ్రద్ధగా విని రాసుకున్నారు. ఆ రోజు నుంచి భూగోళం పీరియడ్‌లో వాడు ముందు బెంచీలో కూర్చున్నాడు. పదో తరగతి పాసవుతాడా లేదా నేను చెప్పలేను. క్లాసులో తనకు ఒక చోటు ఉందని మాత్రం వాడికి తెలిసింది.

వెనక్కి వచ్చాక వ్యాసం రాయించలేదు. ఇంట్లో ఒకరికి ఇదంతా చెప్పి, వాళ్ళు అడిగిన ఒక ప్రశ్న మర్నాడు తీసుకురమ్మన్నాం. నాయనమ్మలు, తాతలు అడిగిన ప్రశ్నలతో బోర్డు నిండిపోయింది. అవన్నీ తెలుగులోనో మాడియాలోనో అడిగినవి. పిల్లలు వాటిని మరాఠీలో రాసి, జవాబులు వెతికారు. ఎక్కువ ఇళ్ళ నుంచి వచ్చిన ప్రశ్న ఒకటే: మన దగ్గర దొరికిన ఎముకలు కలకత్తాలో ఎందుకున్నాయి? ఆ అస్థిపంజరం అక్కడి ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. ఎముకల్ని శుభ్రం చేయడానికి, జోడించడానికి, చదవడానికి ల్యాబ్ కావాలని చెప్పాను. అది నిజం. అయినా మా పిల్లలకు వాటి అచ్చుబొమ్మ ఒక్కటైనా సిరొంచలో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

రద్దయిన ప్రయాణం, దగ్గరైన నది

దీపావళి సెలవుల తర్వాత మేడిగడ్డ బారేజీ చూపించాలని అనుకున్నాం. 85 గేట్లు, ఒక కిలోమీటరున్నర దాటిన పొడవు, ఒక కొస మా తాలూకాలోనే. అక్టోబర్ 21న దాని పిల్లర్లు కుంగాయి, రాకపోకలు ఆపేశారు. ప్రయాణం రద్దు. బారేజీ వైపు ఊళ్ళ పిల్లలు తాము చూసినవి, విన్నవి తరగతిలో చెప్పారు. ఆనకట్టకూ బారేజీకీ తేడా, ఇసుక నేల మీద పునాది అంటే ఏమిటి, కింద నుంచి నీరు ఇసుకను లాగేస్తే ఏమవుతుంది అన్నది ట్రేలో ఇసుక పోసి చేసి చూశాం.

కాళేశ్వరం సంగమం మాకు ఎదురొడ్డునే. వంతెన దాటితే చాలు. కానీ కాగితాల మీద అది పరరాష్ట్ర పర్యటన, అనుమతుల దారి పొడుగు. సగం మంది పిల్లలు అమ్మానాన్నలతో అక్కడికి ఎన్నోసార్లు వెళ్ళి, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు చూసి వచ్చినవాళ్ళే. అందుకే మా ఒడ్డునే, ప్రాణహిత ఘాట్ దగ్గర భూగోళం పాఠం పెట్టాం. వార్ధా, వైన్‌గంగా చపరాల దగ్గర కలిసి ప్రాణహిత అవుతాయి, అది ఇక్కడ గోదావరిలో కలుస్తుంది, ఇంకా కిందికి సోమనూర్ దగ్గర ఇంద్రావతి వచ్చి చేరుతుంది. పిల్లలు ఒడ్డు ఇసుకలో కర్రతో ఈ మ్యాప్ గీశారు. నీళ్ళలోకి ఎవరూ దిగలేదు, ఆ విషయంలో మాకు రాజీ లేదు. బస్సు అక్కర్లేదు, ఖర్చు లేదు, బడికి వచ్చిన ప్రతి పిల్లా వచ్చింది.

ఆనంద్ మేళా డబ్బు, అల్లాపల్లి అడవి

డిసెంబర్ మొదట్లో బాల ఆనంద్ మేళా. పిల్లలు ఇంట్లో వండినవి తెచ్చి బడిలో అమ్ముతారు. మామూలుగా ఎవరి లాభం వాళ్ళది. అప్పుడు పెట్టుబడి పెట్టగలిగినవాళ్ళే దుకాణం పెడతారు. ఈసారి జట్లు మేమే చేసి, పెట్టుబడిని బడి సమితి నుంచి ఇప్పించి, అది తీరాక మిగిలింది మొత్తం ప్రయాణాల నిధికి వేయించాం. సర్వపిండి దుకాణం ముందు చివరిదాకా జనం తగ్గలేదు. లెక్కల సార్ పిల్లలతోనే జమాఖర్చు రాయించారు. తమ బస్సుకు తామే కొంత కట్టామన్న సంగతి పిల్లలకు ఎంతో గర్వంగా ఉండింది. కవరులో ఏమీ పెట్టలేని ఇంటి పిల్లకు ఆ గర్వం ఇంకా అవసరం.

ఆ నెలలోనే ఒక అంగడి రోజున అల్లాపల్లి, కమలాపూర్. ఇది కాస్త దూరం, రోడ్డు గుంతలమయం. చీకటితోనే బయల్దేరాం. పోలీస్ స్టేషన్‌కు, అటవీశాఖకు ముందే రాసి ఇచ్చాం. కమలాపూర్‌లో ఉన్నది మహారాష్ట్రలోని ఒకే ఒక ఏనుగుల క్యాంపు. ఒకప్పుడు అడవిలో టేకు దుంగలు లాగడానికి పెట్టుకున్న ఏనుగులు. ఏటా జనవరిలో వాటికి పది రోజుల సెలవు ఉంటుంది. ఆ రోజుల్లో వనమూలికలతో చేసిన మందు పాదాలకు పట్టిస్తారు, సందర్శకులను రానివ్వరు. పోవాలనుకునేవాళ్ళు ఆ తేదీలు కనుక్కుని పోవాలి. ఏనుగులకు కూడా సెలవుంటుందని తెలిసి ఐదో తరగతి పిల్లలు పొందిన ఆనందం చెప్పలేను.

'గ్లోరీ ఆఫ్ అల్లాపల్లి' అనేది గొడ్డలి తగలకుండా కాపాడిన ఒక చిన్న అడవి ముక్క. 2014లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. తలెత్తి చూస్తే కొన కనబడని టేకు మాన్లు. ఈ ప్రాంతపు టేకు ఎంత పేరున్నదంటే, 2023లో అయోధ్య రామాలయం తలుపుల కోసం ఇక్కడి కర్ర బల్లార్షా డిపో నుంచి వెళ్ళింది. అడవిలో జట్టుకొక చెట్టు ఇచ్చాం. పేరు, బెరడు, ఆకు, వాడకం కనుక్కోవాలి. ప్రతి జట్టులో ఒక మాడియా పిల్ల ఉండేలా ముందే చూసుకున్నాం. నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగు, ఏది ఎప్పుడు పూస్తుంది, దేని బంక దేనికి పనికొస్తుంది అని వాళ్ళు చెబుతుంటే మిగిలినవాళ్ళు రాసుకున్నారు. "నాతో ఎవరు కూర్చుంటారు" అని చీటీలో రాసింది ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించలేదు. తిరుగు ప్రయాణంలో సీట్ల జాబితా ఎవరూ పట్టించుకోలేదు. తమకు నచ్చినవాళ్ళ పక్కన కూర్చున్నారు, అలాగే వదిలేశాం.

జాతర సెలవు

జనవరి చివరి నుంచి మిరప పని మొదలవుతుంది. ఆ తర్వాత ప్రయాణాలు పెట్టకూడదని ముందే అనుకున్నాం. ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర. తాలూకా మొత్తం అటు కదిలినట్టే, హాజరు పట్టీ నిండా గైర్హాజరులే. ఈసారి దాన్ని కూడా కార్యక్రమంలో కలుపుకున్నాం. బడికి వచ్చినవాళ్ళు కూర్చుని, జాతరకు పోయినవాళ్ళను అడగాల్సిన ప్రశ్నలు తయారు చేశారు. బంగారం అంటే బెల్లం, నిలువెత్తు బంగారం తూచడం ఎలా జరుగుతుంది, గద్దెల దాకా ఎంతసేపు పట్టింది, నీళ్ళు ఎక్కడ దొరికాయి, తప్పిపోయిన పిల్లల్ని ఎలా కలుపుతున్నారు. తిరిగొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి జవాబులు చెప్పారు. బడి చూపించకపోయినా పిల్లలు చాలా చోట్లు చూస్తున్నారు. వాటిని పాఠంలోకి తెచ్చుకోవడం మా చేతిలో ఉంది.

ఏం మారింది, ఏం మారలేదు

పోలిక స్పష్టంగానే ఉంది. పెద్ద టూరుకు తరగతిలో సగం కూడా కదిలేది కాదు. ఈ ఏడాది బస్సు ప్రయాణాలకు జ్వరంతో ఉన్నవాళ్ళు, ఇంట్లో చావో పెళ్ళో ఉన్నవాళ్ళు తప్ప దాదాపు అందరూ వచ్చారు. ఆడపిల్లలు మానేయడం దాదాపు ఆగిపోయింది, రాత్రి ఉండకపోవడమే దీనికి పెద్ద కారణం. సైన్సులో మార్కులు పెరిగాయా అంటే, నేను ఆ మాట అనను. ఒక ఏడాదితో తేలేది కాదది. ప్రశ్నలు అడిగేవాళ్ళు పెరిగారని మాత్రం రోజూ క్లాసులో చూస్తున్నాను.

కూలికి పోయే పెద్ద పిల్లలు ఇద్దరు ముగ్గురు మాత్రం దేనికీ అందలేదు. మార్చిలో ఇప్పపువ్వు రాలే కాలంలో గూడేల పిల్లలు పొద్దున్నే అడవికి పోతారు, బడికే రారు. దీనికి సహల్ తేదీలు మార్చడం మందు కాదు.

అభ్యంతరాలు కూడా వచ్చాయి, న్యాయమైనవే. ఒక తండ్రి వచ్చి, మావాడు నాగపూర్ చూసే అవకాశం మీరు తీసేశారు అన్నాడు. ఒక సహోపాధ్యాయుడి మాట ఇంకా బలమైనది: ఊరి చుట్టూనే తిప్పితే పిల్లలకు ప్రపంచం ఎప్పుడు తెలుస్తుంది? రైలు చూడని పిల్లకు రైలు ఎక్కడం కూడా చదువే. ఈ మాటతో నాకు వాదన లేదు. దూరం పోవాలి. కానీ ఏడాదంతటికీ అదొక్కటే ఉండకూడదు, దగ్గరివి అందరికీ అందాకే దూరపుది రావాలి అన్నది నా పక్షం.

ఇప్పుడు పదో తరగతికి వచ్చిన పిల్లలే దూరపు ప్రయాణం ఒకటి తయారు చేసి హెడ్‌సార్‌కు ఇచ్చారు. ప్రాణహిత అవతలి ఒడ్డున యామనపల్లిలో దొరికిన కోటసారస్ అనే ఇంకో రాక్షసబల్లి అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉందని వాళ్ళే వెతికి పట్టుకున్నారు. కలకత్తా పోలేం కాబట్టి హైదరాబాద్ పోదాం, మంచిర్యాలలో రైలు ఎక్కుదాం అని రాశారు. దాని తొడ ఎముకను కొలిచి, వరండా గోడ మీది గీతతో పోల్చాలట. నాకు ఆ ఆలోచన ఎంత నచ్చిందో చెప్పలేను.

ఒక రాత్రి బయట ఉండక తప్పదు. అందుకని మళ్ళీ చీటీలతోనే మొదలుపెట్టాం. ఆడపిల్లల తల్లులతో మేడమ్‌లు మాట్లాడుతున్నారు. ఇద్దరు ముగ్గురు తల్లులు తాము కూడా వస్తామన్నారు, వాళ్ళ ఛార్జీ నిధిలోంచి ఇవ్వడానికి సమితి ఒప్పుకుంది. పత్తి పని మొదలుకాకముందే తేదీ దొరకాలి, పరరాష్ట్ర అనుమతి ఆలోగా రావాలి. ఇంకా నలుగురు పిల్లల ఇళ్ళ నుంచి ఒప్పుకోలు రాలేదు. అందులో ఇద్దరి కారణం మాకు తెలిసింది, ఇంకో ఇద్దరి ఇళ్ళకు వచ్చే అంగడి రోజున వెళ్ళాలి.